ఒకే ఒక్క నెగటివ్

"చేతులు కనపడాలి కెయితా. వేళ్ళన్నీ కనపడాలి."

ఆమె ఈ మాట అనడం ఇది రెండోసారి. కుర్చీలో నిటారుగా కూర్చుంది. వెడల్పాటి అంగీ పరుచుకుని కుర్చీని కూడా కప్పేసింది. తలకి బిగుతుగా చుట్టిన గుడ్డ, చెవులకి బంగారం, మెడలో పూసలు. వీటి సంగతి ఆమెకి దిగుల్లేదు. దిగులంతా చేతుల గురించే.

నల్లగుడ్డ కింద తల దూర్చిన సేదూ కెయితాకి ఆమె తలకిందులుగా కనిపిస్తోంది. ఆ పెద్ద పెట్టె కెమెరా వెనకాల ఉండే మసక గాజు మీద లోకమంతా అలాగే ఉంటుంది, నేల పైన, తల కింద. పదిహేనేళ్ళ పైబడి కెమెరా పట్టినవాడికి ఆ తలకిందుల మనిషిలోనే తప్పొప్పులు తెలిసిపోతాయి. గుడ్డ తొలగించి బయటికొచ్చాడు.

"వేళ్ళు కనపడతాయమ్మా. ముందు ఆ భుజం ఇటు తిప్పు. సూటిగా కూర్చుంటే గుర్తింపు కార్డు ఫోటోలా వస్తుంది."

"ఆ ఫోటో నా దగ్గరుంది. అందులో ఉన్నది నేనంటే మా అమ్మే నమ్మలేదు."

ఆయన తన చేతులతోనే చూపించాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో, దాని మీద కుడిచెయ్యి, వేళ్ళు విడివిడిగా, ఏదో వీణ మీద పెట్టబోతున్నంత మెత్తగా. ఆమె అలాగే పెట్టింది. గడ్డం కొద్దిగా పక్కకి. చూపు మాత్రం కెమెరా వైపు. వెనక వేలాడదీసిన పరదా గాలికి చిన్నగా ఊగింది. ఆయన ఆగాడు. గాలి నిలిచింది.

"ఊఁ... కదలొద్దు."

అంతే.

"అప్పుడే అయిపోయిందా? ఇంకోటి తియ్యవా?"

"ఒక్కటేనమ్మా. రేపు రా."

1950ల తొలినాళ్ళ బమాకో ఇది. పశ్చిమాఫ్రికాలో నైజర్ నది ఒడ్డున, ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఫ్రెంచ్ సూడాన్‌కి ముఖ్యపట్టణం. ఇప్పటి మాలి దేశపు రాజధాని. ఆ ఊళ్ళో సేదూ కెయితా దగ్గర ఫోటో తీయించుకోవడం అంటే మంచి బట్టలు కుట్టించుకున్నంత గొప్ప. ఆయన తరవాతి రోజుల్లో తన పని గురించి చెప్పుకున్న సంగతులకీ, ఆయన ఫోటోల్లో నిలబడ్డ మనుషులకీ నోరిచ్చి ఈ దృశ్యాలు అల్లాను. మాటలు నావి. పరదా, కెమెరా, కోటు, గడియారం, ఆ ఒక్క నెగటివ్ మాత్రం ఆయనవే.

కెయితా 1921 ప్రాంతంలో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు. బడికి వెళ్ళలేదు, వడ్రంగం నేర్చుకున్నాడు. 1935లో చిన్నాన్న తియెమొకో సెనెగల్ వెళ్ళి వస్తూ ఒక చిన్న కొడక్ బ్రౌనీ డబ్బా కెమెరా తెచ్చి ఈ కుర్రాడి చేతిలో పెట్టాడు. ఒక ఫిల్ము చుట్టకి ఎనిమిది ఫోటోలు.

ఆ మొదటి రోజుల్ని ఊహించుకోవడం కష్టం కాదు. పగలంతా చిత్రిక పట్టి, పొట్టు దులుపుకుని, సాయంకాలం వీధిలో ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టడం. "కదలకండి" అంటే చాలు, ఒకడు నవ్వుతాడు, ఒకడు ఈగ తోలుకుంటాడు, ఒకడు "అయిందా?" అని ముందుకొచ్చేస్తాడు. ఫిల్ము కడిగించి చూస్తే ఒకరికి తల లేదు, ఇంకొకరికి రెండు మొహాలు. డబ్బిచ్చినవాడు ఊరుకుంటాడా? తగువులయ్యాయి. అయినా ఆ కుర్రాడు కెమెరా వదల్లేదు. వడ్రంగమేమో అన్నం పెట్టేది. ఫోటో అన్నం మానిపించేది. అలా ఒకటీ రెండూ కాదు, సరదాకని మొదలైంది పదమూడేళ్ళు సాగింది.

ఫిల్ములూ, కాగితాలూ అమ్మే ఫ్రెంచి వర్తకుడు పియెర్ గార్నియే దుకాణం ఒక్కటే ఊళ్ళో దిక్కు. మొదట్లో ఫిల్ము కడిగేదీ అక్కడే. అలా మరొకరి చేతికి ఇచ్చి మర్నాటిదాకా గుమ్మం దగ్గర కాచుకోవడం కెయితాకి నచ్చలేదు. ఊళ్ళో మూంటాగా దెంబెలే అని బడిపంతులు ఉన్నాడు. ఆ నేలమీద స్టూడియో పెట్టిన తొలి నల్లజాతి ఫోటోగ్రాఫర్లలో ఒకడు. ఆయన డార్క్ రూములో చేరి కెయితా కడగడం, ప్రింటు వేయడం నేర్చుకున్నాడు. చదువు చెప్పే పంతులుకి బడి మొహం చూడని వడ్రంగి శిష్యుడయ్యాడు. ఆ చీకటి గదిలో పలకా బలపం అక్కర్లేదు. మందునీళ్ళలో కాగితం మీద మొహం ఎంతసేపటికి తేలుతుందో వేళ్ళకి తెలిస్తే చాలు.

1948లో తండ్రి ఇచ్చిన స్థలంలో స్టూడియో పెట్టాడు. ఆ పేట పేరు బమాకో-కూరా. వాళ్ళ బంబారా భాషలో కూరా అంటే కొత్త, అంటే మన ఊళ్ళలో కొత్తపేట లాంటిదే. వెనకాల పెద్ద జైలు. దగ్గర్లోనే డాకర్ నుంచి వచ్చే రైలు ఆగే స్టేషను. జైలు పొరుగు ఎవరికైనా ఇబ్బందేమో గాని, స్టేషను మాత్రం ఆయనకి కలిసొచ్చింది. నమూనా ఫోటోలు చేతికిచ్చి కుర్రాళ్ళని ప్లాట్‌ఫారానికి పంపేవాడు. రైలు దిగిన ఆసామికి ఒక కుర్రాడు ఎదురొచ్చి, మెరిసే కాగితం మీద మెరిసే మనిషిని చూపించి, "మీరూ ఇలాగే ఉంటారు, రండి" అంటాడు. మూట చంకన పెట్టుకుని ఆ ఆసామి వెనకాలే నడుస్తాడు.

స్టూడియో అంటే నాలుగు గోడలూ, దీపాలూ అనుకోవద్దు. ఎక్కువ ఫోటోలు వాకిట్లో, పగటి వెలుతురులోనే. గోడకి ఒక పరదా. దాని కింద ఉత్త మట్టి నేల. ఆ మొదటి పరదా దేంతో చేశాడో తెలిస్తే ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. అది ఆయన మంచం మీది దుప్పటి. అంచులకి కుచ్చులున్న దుప్పటి. రాత్రి కప్పుకున్నదాన్ని పొద్దున తీసి గోడకి వేలాడగట్టాడు. 1950 ప్రాంతపు ఫోటోల్లో ఆ కుచ్చులు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

శనివారాలు ఆ వాకిలి సంతే. ఒక్కోరోజు 40 మంది దాకా వచ్చేవాళ్ళట. వరసలో రెండో మనిషి ఒక కుర్రాడు. చొక్కా నలిగింది.

"ఇ ని సొగోమ, కెయితా."

"శుభోదయం. ఇంట్లో అందరూ కులాసానా? అమ్మ? నాన్న? పిల్లలు?"

"కులాసా. అందరూ కులాసా."

"ఇంటిపేరేంటి నీది?"

"కూలిబాలీ."

"అయ్యో! బొబ్బర్లు తినే కూలిబాలీయా! నీకు ఫోటో తియ్యాలంటే ముందు ఆ కడుపు తగ్గాలి."

వరస అంతా గొల్లుమంది. కుర్రాడూ నవ్వేశాడు. ఆ దేశంలో కెయితాలకీ కూలిబాలీలకీ తరతరాల నుంచి వేళాకోళాల చుట్టరికం. మన బావామరదుల వరస లాంటిది. ఇంటిపేరు చెవిన పడగానే ఒకరినొకరు "బొబ్బర్ల తిండిపోతు" అనుకోవాలి, ఎవరూ నొచ్చుకోకూడదు. నవ్వేసరికి కుర్రాడి భుజాలు దిగాయి. ఫోటోగ్రాఫర్‌కి కావలసిందీ అదే.

"మా ఊరికి పంపాలి. ఇక్కడ నేను బాగున్నానని వాళ్ళకి తెలియాలి."

"బాగున్నావా?"

కుర్రాడు జవాబివ్వలేదు.

కెయితా లోపలికెళ్ళి కోటు తెచ్చాడు. ఐరోపా పద్ధతి సూట్లు మూడు ఆయన దగ్గర సిద్ధంగా ఉండేవి. టై, బూట్లు, టోపీ, అన్నీను. కుర్రాడు కోటు తొడిగాడు. చేతులు రెండంగుళాలు ఎక్కువయ్యాయి. లోపలికి మడిచాడు. జేబుకి ఇంకు పెన్ను తగిలించాడు. మణికట్టుకి గడియారం పెట్టి, అది కనిపించేలా చెయ్యి కుర్చీ వీపు మీద ఆనించాడు. పక్కన బల్ల మీద రేడియో.

"ఈ పెన్నుతో నేను రాయలేను," అన్నాడు కుర్రాడు మెల్లగా. "నాకు చదువు రాదు."

"నాకూ రాదు. కదలకు."

మన ఊళ్ళ స్టూడియోలు చూసినవాళ్ళెవరికీ ఈ కోటు కొత్తకాదు. మేకుకి వేలాడే నల్లకోటు, అద్దం ముందు పౌడరు డబ్బా, పళ్ళు విరిగిన దువ్వెన, వెనక పరదా మీద తాజ్‌మహలో పూలతోటో. ఉద్యోగం దొరకని కుర్రాడికి ఆ కోటు తొడిగి పెళ్ళివారికి పంపిన ఫోటోలు తెలుగు నేలమీద ఎన్ని ఇళ్ళల్లో లేవు! దాన్ని అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు. తనకి దక్కవలసిన రూపం ఇదీ అని ఒక మనిషి ఒక క్షణంపాటు నమ్మి నిలబడ్డాడు. ఆ నమ్మకం కళ్ళల్లో కనిపిస్తుంది. కెయితా తీసిన ఆ కుర్రాళ్ళ కళ్ళల్లో అయితే మరీను. సంకెళ్ళలాంటి వలసపాలనలో, గుర్తింపు కార్డు మీద వాళ్ళు ఒక అంకె. ఈ వాకిట్లో మాత్రం దొరలు.

ఇక ఆ ఒక్క నెగటివ్ సంగతి.

ఆయన వాడిన పెద్ద కెమెరా 13 సెంటీమీటర్లు వెడల్పు, 18 సెంటీమీటర్లు పొడవు నెగటివ్ ఇస్తుంది, అరచేతి కంటే పెద్దది. ఫిల్ము దూరం నుంచి రావాలి, ఖరీదూ ఎక్కువే. అందుకని మనిషికి ఒక్కటే తీసేవాడు. రెండోది లేదు. కళ్ళు మూసుకున్నావా, నీ ఖర్మ కాదు, ఆయన నష్టం. ఈ లెక్క ఆయన చేతికి వేరే పని నేర్పింది. నొక్కడానికి ముందే ఫోటో అయిపోవాలి. తల ఎంత వాలాలి, మొహం మీద వెలుతురు ఏ పక్క నుంచి పడాలి, అంగీ మడత ఎక్కడ ఆగాలి, ఇవన్నీ చూసుకున్నాకే చెయ్యి కదిలేది. మనిషిని కొద్దిగా ఓరగా తిప్పి, భుజం మీంచి చూసేలా కూర్చోబెట్టే ఆ ఫోజు అలాగే కుదిరింది. దాని కోసం జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

వరసలో చివరిగా ఒక పెద్దమనిషి. నిలువెత్తు మనిషి, పొడవాటి అంగీ. చేతుల్లో పసిబిడ్డ.

"వీడు నిద్రపోతే బావుండదు, ఏడిస్తే బావుండదు," అన్నాడు కెయితా. "ఒక్కటే ఫిల్ము పెద్దయ్యా."

"వీడికి చెప్పు ఆ మాట."

పక్కనున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. బిడ్డ అటు చూశాడు. ఇటు చూశాడు. మొహం చిట్లించాడు. కెయితా ఏమీ చెయ్యకుండా నిలబడ్డాడు. వరసలో అందరికీ కాళ్ళు నొప్పెట్టాయి. ఎండ గోడమీంచి ఒక జానెడు జరిగింది. ఆ పెద్దమనిషి విసుగొచ్చి బిడ్డని కాస్త పైకెత్తి రెండు చేతులా పట్టుకున్నాడు. బిడ్డ అప్పుడు ఆగి, ఎదురుగా ఉన్న గాజుకన్నుని తేరిపార చూశాడు.

అంతే.

ఆ ఫోటో ప్రపంచంలో నాకిష్టమైన ఫోటోల్లో ఒకటి. అంత పెద్ద చేతులు అంత జాగ్రత్తగా పట్టుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

రాత్రి. ఎర్ర దీపం. ఎన్లార్జరుతో పనిలేదు, నెగటివ్ ఎంతో ప్రింటూ అంతే. కాగితం మీద నెగటివ్ పెట్టి, అద్దంతో అదిమి, వెలుతురు చూపించి, మందునీళ్ళలో వదలడమే. తెల్లటి కాగితంలోంచి ముందు కనుబొమ్మలు, తరవాత గళ్ళ అంగీ, ఆ తరవాత వేళ్ళు. పొద్దున ఆమె అడిగిన వేళ్ళు. ఆ సమాజంలో సన్నటి పొడవాటి వేళ్ళు ఆడదాని అందానికీ ఇంటి కలిమికీ గుర్తు. అందుకే అంత పట్టు పట్టింది. ఆరిన ప్రింటు మీద ఫోటో కెయితా సేదూ అని ముద్ర వేశాడు.

ఇక్కడ ఆయన చేసిన ఒక పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. నెగటివ్‌లు పారెయ్యలేదు. ఎవరైనా ఏడాది తరవాత వచ్చి "అదే ఇంకో కాపీ కావాలి, చెల్లెలికి పంపాలి" అంటే కాదనకూడదు గదా. దుకాణదారుడి జాగ్రత్త అది. ఒక్కొక్కటీ డబ్బాల్లో సర్దాడు. మనుషుల పేర్లు వాటి మీద రాసుకోలేదు. ఫలానావారి కోడలు, స్టేషను దగ్గర దర్జీ అనుకుంటే అప్పుడు సరిపోయేది. రెండు మూడేళ్ళకోసారి పరదా మార్చేవాడు. దుప్పటి చిరిగితే పూల పరదా, ఆ తరవాత ఆకుల మెలికలది, ఆ తరవాత బూడిదరంగుది. పూల అంగీ వేసుకున్న ఆడమనిషి పూల పరదా ముందు కూర్చుంటే ఎక్కడ మనిషి ఆగి ఎక్కడ గుడ్డ మొదలైందో తెలియని ఫోటోలు వచ్చేవి. అవి అనుకుని చేసినవి కావు, అలా కుదిరాయి అంతే.

1952లో ప్యూజో 203 కారు కొన్నాడు. అదీ వాకిట్లోకి వచ్చింది, ఫోటోలో నిలబడింది. దానికి ఆనుకుని ఎంతమంది ఆసాములయ్యారో!

1960లో మాలి స్వతంత్రమైంది. కొత్త ప్రభుత్వం తన ఫోటోగ్రాఫర్‌గా రమ్మంది. రెండు మూడేళ్ళలో ఆ కొలువు కోసం స్టూడియో మూతపడింది. 1977 దాకా ఆ ఉద్యోగమే. వాకిట్లో వరసలు కట్టిన జనం పోయారు, పరదాలు పోయాయి. విరమించాక చూసుకుంటే కెమెరా సామాను దొంగలపాలైంది. ఇంజన్లంటే మొదటి నుంచీ ఇష్టం, మరమ్మతు పనిలో పడ్డాడు. చేతులకి మందునీళ్ళ వాసన పోయి గ్రీజు అంటింది.

డబ్బాలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి.

1991లో న్యూయార్కులో ఆఫ్రికా కళల ప్రదర్శన జరిగింది. గోడమీద బమాకో నుంచి వచ్చిన కొన్ని నలుపు తెలుపు ఫోటోలు. కింద ఫోటోగ్రాఫర్ పేరు ఉండాల్సిన చోట "పేరు తెలియదు" అన్న అర్థం వచ్చే మాట. ఆఫ్రికా కళని సేకరించే జ్యాఁ పిగోజ్జి ఆ ఫోటోల దగ్గర ఆగిపోయాడు. ఆయన కోసం పనిచేసే ఆంద్రే మాన్యా అనే ఫ్రెంచి ఆయన ఆ బొమ్మల కాపీలు పట్టుకుని బమాకో వచ్చి వాకబు మొదలుపెట్టాడు. ఊళ్ళో మరో పేరున్న స్టూడియో మలిక్ సిదిబేది. కాగితం చూపించగానే సిదిబేకి ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

"ఇది కెయితాది."

"ఎలా చెప్పగలుగుతున్నారు?"

"ఇంకెవరు తీస్తారు ఇలా?"

డెబ్భైకి చేరిన మనిషి తలుపు తీశాడు. డబ్బాలు బయటికొచ్చాయి. వేలకొద్దీ నెగటివ్‌లు. మాన్యా ఒక్కొక్కటి వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. తెల్లగా నల్లటి మొహాలు, నల్లగా తెల్లటి అంగీలు.

1994లో పారిస్‌లో కార్తియే ఫౌండేషన్ కెయితా ఫోటోలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. జీవితమంతా 13, 18 సెంటీమీటర్ల కాగితాల్లోనే చూసుకున్న తన మనుషుల్ని ఆయన పెద్ద సైజు ప్రింట్లలో చూశాడు. మరక లేదు, గీత లేదు. తన పని నిజంగా బాగుందని అప్పుడు తెలిసిందని తరవాత చెప్పుకున్నాడు. 45 ఏళ్ళు ఆలస్యంగా తెలిసిన సంగతి. 2001 నవంబరులో పారిస్‌లోనే కన్నుమూశాడు.

కార్తియే ప్రదర్శన జరిగిన ఆ హాల్లో ఒక దృశ్యం మిగిలి ఉంది. పొడుగాటి అంగీలో ఉన్న పెద్దాయన ఒక ప్రింటు ముందు ఆగాడు. కుర్చీలో ఆమె. ఓరగా తిరిగిన భుజం. ఒళ్ళో ఎడమ చెయ్యి, దాని మీద కుడిచెయ్యి, వేళ్ళు విడివిడిగా, ఒక్కొక్కటీ ఇప్పుడు జానెడంత.

"ఈవిడెవరో గుర్తుందా మీకు?" పక్కనున్నవాళ్ళు అడిగారు.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, ఏ ఏడాది తీశారో?"

ఆయన మొహం చూడలేదు. ఆమె భుజం వెనక్కి చూశాడు. పరదా అంచున వరసగా వేలాడుతున్న కుచ్చులు, ఒకచోట ఒకటి ఊడిపోయి ఉంది.

"నా దుప్పటి," అన్నాడు. "అంటే మొదటి ఏళ్ళదే."